నేనే వదిలిన నీళ్ళు

ఆ రోజు పొద్దున నా ఎడమకాలి చెప్పు ఎక్కడ జారిపోయిందో నాకు తెలియలేదు. ట్యాంకు దగ్గర బండి దిగి, వాల్వు గుంత దాకా నడిచి, మూత ఎత్తడానికి వంగి చూసుకుంటే ఒక కాలికి చెప్పుంది, ఇంకో కాలికి లేదు. కంకర రాళ్ళ మీద అంత దూరం ఒట్టి కాలితో నడిచాను. ఒక్క రాయి కూడా గుచ్చుకున్నట్టు లేదు. పాదం నాది కాదేమో, ఎవరిదో తెచ్చి తగిలించారేమో అన్నట్టుంది.

నా పేరు రెడ్డెప్ప. వయసు నలభై ఎనిమిది. పుంగనూరుకూ మదనపల్లెకూ నడుమ ఉన్న ఒక చిన్న టౌనులో నీళ్ళు వదిలే పని నాది. మా నాయన కూలికి పోయేవాడు. మా ఇంట్లో నెల జీతం అందుకున్న మొదటివాణ్ణి నేను. మా ఊరికి ఏరు లేదు. ఊరి బయట వెయ్యి అడుగులు దాటిన బోర్ల నుంచి నీళ్ళు తోడి, ట్యాంకుకు ఎక్కించి, రెండు రోజులకొకసారి ఒక్కో పేటకు వదులుతాం. పందొమ్మిదేళ్ళుగా తెల్లారి ఐదింటికి ఆ వాల్వు తిప్పింది నేనే. కొత్త బోరు పడి, రాతి లోపలి నుంచి మొదటి నీళ్ళు ఎగజిమ్మినప్పుడు నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఎండ ఎరగని చోట ఎన్ని తరాలుగా దాగి ఉన్నాయో అవి! అలాంటి నీళ్ళు చెడిపోతాయని నాకు ఎన్నడూ తోచలేదు.

చెప్పు జారడానికి పన్నెండు రోజుల ముందు, పాతపేట చివరింట్లో ఇడ్లీలు పోసి అమ్మే గంగులమ్మ నన్ను దారిలో ఆపింది.

"రెడ్డెప్పా, నీళ్ళు వాసన వస్తాండాయప్పా. ఈడికొచ్చి సూడు."

"బ్లీచింగు వాసనలేమ్మా. నిన్ననే ఏసినాను."

"బ్లీచింగు వాసన నాకు తెలీదా? ఇది కాలవ వాసన."

ఇడ్లీల కోసం వచ్చిన నలుగురు మమ్మల్నే చూస్తున్నారు. నాకు రోషం వచ్చింది. "ఇట్ల తే ఆ సెంబు" అని ఆమె చేతిలోది తీసుకుని గటగటా తాగేశాను. "సూసినారా? నాకేమన్నా అయిందా?" అన్నాను. అందరూ నవ్వారు. గంగులమ్మ నవ్వలేదు.

మూడో రోజు నాకు విరేచనాలు పట్టుకున్నాయి. పాతపేటలో చాలా ఇళ్ళలో అదే పరిస్థితి. పెళ్ళి భోజనం పడలేదని కొందరు, ఎండలకని కొందరు అనుకున్నారు. నేను మాత్రలు మింగి, ఓఆర్ఎస్ తాగి నాలుగు రోజుల్లో లేచి పనికి పోయాను. పీడ వదిలిందనుకున్నాను.

చెప్పు జారిన రోజు సాయంత్రానికి ఇంటి మెట్టు ఎక్కలేకపోయాను. మర్నాడు పొద్దున లేచి నిలబడబోతే మోకాళ్ళు మడుచుకుపోయాయి. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి వేళ్ళు మాట వినలేదు. నా భార్య సరోజమ్మ గుండీలు పెడుతూ నా ముఖంలోకి చూసింది.

"ఏమయ్యా, యాల ఇట్లుండావు? కాళ్ళలో బలమే లేనట్టుండాదే."

"తిమ్మిరి. అదే పోతుందిలే."

"పోయేది గాదిది. పా మదనపల్లెకు."

మదనపల్లెలో డాక్టరుగారు నన్ను మంచం అంచున కూర్చోబెట్టి చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టారు. కాలు ఎగరలేదు. రెండో కాలూ అంతే. ఆయన సుత్తి పక్కన పెట్టి నేను అనుకోని ప్రశ్న అడిగారు.

"ఈ మధ్య విరేచనాలేమైనా అయ్యాయా?"

నా జబ్బు కాళ్ళలో ఉంటే ఈయన కడుపు సంగతి అడుగుతాడేమిటి అనుకున్నాను. అయ్యాయని సరోజమ్మ చెప్పింది. ఆయన తల ఊపారు.

"జీబీఎస్ అనే నరాల జబ్బు అనుకుంటున్నాను. ఇది కాళ్ళ నుంచి పైకి పాకుతుంది. ఊపిరి తీసే కండరాల దాకా వచ్చేలోపల మీరు వెంటిలేటర్ ఉన్న చోట ఉండాలి. కుప్పంలో నరాల డాక్టరమ్మ ఉన్నారు. ఈ రోజే పోవాలి, రేపు కాదు."

అంబులెన్సు మా ఊరి మీదుగానే పోయింది. అద్దంలోంచి మా ట్యాంకు కనిపించి వెనక్కిపోయింది. పుంగనూరు దాటేటప్పటికి కాళ్ళు కదపలేకపోతున్నాను. పలమనేరు దాటేటప్పటికి నా చెయ్యి సరోజమ్మ చేతిలో ఉందని తెలుస్తోంది కానీ, ఆ చేతిని గట్టిగా పట్టుకోవడం నాకు చేతకాలేదు.

కుప్పంలో నర్వ్ కండక్షన్ స్టడీ చేశారు. చర్మం మీద చిన్న చిన్న షాకులు ఇస్తూ తెర మీద గీతలు చూశారు. నడుములోంచి నీరు తీసి పరీక్షకు పంపారు. డాక్టరమ్మ నా మంచం పక్కన కుర్చీ లాక్కుని తీరిగ్గా చెప్పింది.

"కడుపులోకి ఒక పురుగు పోయింది. దాన్ని చంపడానికి మీ ఒళ్ళు సైన్యాన్ని తయారు చేసింది. పురుగు చచ్చింది. ఆ సైన్యం ఇప్పుడు మీ నరాలనే శత్రువనుకుని కొడుతోంది. కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది కదా, నరం మీదా అలాంటిదే ఉంటుంది. అది ఊడిపోతోంది."

"ఆ తొడుగు మల్ల వస్తుందామ్మా?" అని సరోజమ్మ అడిగింది.

"వస్తుంది. శరీరమే మళ్ళీ తొడుగు వేసుకుంటుంది. అప్పటిదాకా మనం ఆయన్ని కాపాడుకోవాలి."

"ఆ నీళ్ళు ఊర్లో అందరూ తాగినారు. ఈయనకే యాలొచ్చె?"

డాక్టరమ్మ, "అది మాకూ తెలియదమ్మా" అంది. అంత చదువుకున్న మనిషి తెలియదని చెప్పడంతో నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది.

ఐదు రోజులు ఐవీఐజీ అనే మందు ఎక్కించారు. అదేమిటని అడిగితే సెల్వి అనే నర్సు చెప్పింది. "వేలమంది ఇచ్చిన రక్తంలోంచి తీస్తారన్నా. అందరిదీ కలిపి ఒక సీసా." నేను ఆ సీసానే చూస్తూ పడుకున్నాను. ఎవరెవరో, ఏ ఊళ్ళవాళ్ళో, ఏ కులమో ఏ భాషో. నా పేరు తెలియనివాళ్ళు చెయ్యి చాచి ఇచ్చింది చుక్క చుక్కగా నాలోకి దిగుతోంది. నా ఒంట్లోని సైన్యం నన్ను కొడుతుంటే, వాళ్ళందరి సైన్యాలు కలిసి నాకు సాయం వచ్చాయి. దేవుడి ముందు కూడా నాకు అంత చిన్నవాడిననిపించలేదు.

పూటకోసారి సెల్వి వచ్చి, "ఒకే ఊపిరిలో ఎంత దాకా లెక్కపెడతావో పెట్టన్నా" అనేది. మొదటి రోజు ఇరవై నాలుగు దాకా వచ్చాను. మర్నాడు పదిహేను. మూడో రోజు ఏడు దగ్గర ఊపిరి తెగిపోయింది. డాక్టరమ్మ నా నుదుటి మీద చెయ్యి పెట్టి, "రెడ్డెప్పగారూ, ఇక మెషీన్ మీ బదులు ఊపిరి తీస్తుంది. భయపడొద్దు" అంది. గొంతులోకి గొట్టం వేశారు.

చాలామంది అనుకుంటారు, వెంటిలేటర్ మీద ఉన్న మనిషికి ఏమీ తెలియదని. మత్తు తగ్గాక నాకు అంతా తెలిసేది. ముక్కు మీద ఈగ వాలితే తెలిసేది, తోలుకోలేను. మాటలన్నీ వినపడేవి, పెదవి కదపలేను. ముఖం కూడా బిగుసుకుపోయింది. నా ఒంట్లో నా మాట వినేవి కళ్ళు రెండే. పైకీ కిందికీ తిప్పగలను, అంతే.

ఆరో రోజు మధ్యాహ్నం సరోజమ్మ నా పక్కన నిలబడి ఫోను మాట్లాడుతోంది. అవతల మా ఫిట్టరు ఈశ్వరప్ప. పాతపేటలో ఇంకో ముగ్గురిని ఆసుపత్రిలో చేర్చారట. అందులో ఒకరు గంగులమ్మ. ట్యాంకు కడిగారు, బోర్ల నీళ్ళు పరీక్ష చేశారు, బాగున్నాయి. లైనులో ఎక్కడో మురుగు కలుస్తోందని తేలింది. ఆ పేటకు లైను మూసి ట్యాంకరు తోలుతున్నారు. రెండు చోట్ల తవ్వారు, లీకు దొరకలేదు.

"ట్యాంకరు నీళ్ళు ఎన్నాళ్ళు సాలతాయి? సోమారం లైను వదలమంటాండారు" అని ఈశ్వరప్ప గొంతు వినపడింది.

నాకు ఆ చోటు తెలుసు.

పాతపేటలో పాల బూతు ముందు, మురుగు కాలువ కింద ఒక పాత జాయింటు ఉంది. రెండేళ్ళ కింద అది కారుతుంటే, కొత్తది తెప్పించేదాకా ఆగుదామని సైకిలు ట్యూబు చీల్చి గట్టిగా చుట్టాను. ఆ తర్వాత దాని మీద సిమెంటు రోడ్డు పడింది. నేను మరిచిపోయాను. మేం నీళ్ళు ఆపిన రోజున పైపు ఖాళీ అయి చుట్టూ ఉన్న నీళ్ళను లోపలికి లాగుతుంది. పైన కాలువ, కింద ఊడిన ట్యూబు. ఇక చెప్పేదేముంది? ఆ జాయింటు సంగతి ఈ భూమ్మీద నాకొక్కడికే తెలుసు. ఆ నేను నోరు లేకుండా కుప్పంలో పడి ఉన్నాను.

గుండె దడదడ కొట్టుకుంది. తల దగ్గరి మానిటరు కూత పెట్టింది. సెల్వి పరుగెత్తి వచ్చింది. నేను కళ్ళు పైకీ కిందికీ, పైకీ కిందికీ తిప్పుతూనే ఉన్నాను.

"నొప్పా అన్నా? కఫం తియ్యాలా?"

సరోజమ్మ నన్ను తేరిపార చూసింది. పాతికేళ్ళు కాపురం చేసిన మనిషి. "నొప్పి గాదు సెల్వీ. ఈయన ఏమో సెప్పాలంటాండాడు" అంది. "అవునంటే పైకి సూడు. కాదంటే కిందికి సూడు. ఏమన్నా సెప్పాల్నా?"

పైకి చూశాను.

"అక్షరాలు చదువక్కా. అన్న ఆపుతాడు" అంది సెల్వి.

సరోజమ్మ ఏడో తరగతి దాకా చదివింది. కొంగు నడుముకు దోపుకుని, బళ్ళో చెప్పినట్టు మొదలుపెట్టింది. "క, గ... కాదా. చ, జ... కాదా. ట, డ... త, ద, న... ప."

పైకి చూశాను. మళ్ళీ మొదటి నుంచి చదివింది. "ల" దగ్గర ఆపాను.

"పలా? పాలా?"

పైకి.

"పాలు దేనికిప్పుడు? ముక్కు గొట్టంలో పోస్తాండారు గదా..." అని ఆగిపోయింది. ఆమె ముఖం మారింది. "ఫోన్లో మాట్లాడింది విన్యావా? పాతపేట పాల బూతా?"

పైకి చూశాను. నా కళ్ళలోంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోతున్నాయి.

"బూతు ఎనకా? ముందరా?" ముందర అన్నప్పుడు పైకి చూశాను. "కాలవ పక్కనా? కాలవ కిందా?" కింద. "రోడ్డు పగలగొట్టాల్నా?" పైకి. "ఎవురికీ తెలీదా, నీకు తప్ప?"

పైకి చూశాను. ఆమె ఫోను తీసుకుని బయటికి పోయింది.

మర్నాడు మధ్యాహ్నం నా చెవి దగ్గర ఫోను పెట్టింది. ఈశ్వరప్ప అరుస్తున్నాడు. "అన్నా, దొరికిందన్నా! పాల బూతు ముందరే! రోడ్డు తవ్వితే జాయింటు నోరు తెరుచుకోనుండాది. ఎవుడో సైకిలు ట్యూబు సుట్టినాడు, కుళ్ళిపోయుండాది. నువ్వు మంచంలో పడుకోని ఎట్ల సెప్పినావన్నా ఇది?"

ఎవడో కాదు, నేనే అని చెప్పడానికి నాకు నోరు లేదు. అయినా ఆ రోజు నాకు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు. ఒక మనిషిలో అన్నీ పోయి కళ్ళ కదలిక ఒక్కటి మిగిలితే, దాంట్లోంచి ఒక పేటను కాపాడే మాట బయటికి వచ్చింది. ఆ మాటను పట్టుకున్నది ఏడో తరగతి చదివిన నా భార్య.

ఆ వారమే న్యుమోనియా వచ్చింది. జ్వరం, బీపీ పైకీ కిందికీ. నన్ను చూడడానికి వచ్చినవాళ్ళు బయట ఏడవడం వినపడింది. గొంతు కింద చిన్న రంధ్రం చేసి, ట్రకియాస్టమీ అని, ఊపిరి గొట్టాన్ని అందులోంచి పెట్టారు. ఆ రోజుల్లో నేను పోతాననే అనుకున్నాను. డాక్టరమ్మ మాత్రం రోజూ ఒకటే అడిగేది. "భుజాలు ఎగరెయ్యండి చూద్దాం." రోజూ ప్రయత్నించేవాణ్ణి. ఏమీ జరిగేది కాదు.

ఇరవై ఆరో రోజు కుడి భుజం కదిలింది. గింజంత. సెల్వి చూసి కేక పెట్టింది. పక్క మంచాలవాళ్ళ బంధువులు కూడా వచ్చి చూశారు.

అప్పటి నుంచి పోయినవి ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. వచ్చిన వరసే వింత. చివర పోయింది ముందు వచ్చింది, ముందు పోయింది చివర వచ్చింది. మొదట ఊపిరి. మెషీన్ ఐదు నిమిషాలు ఆపారు, తర్వాత పది, తర్వాత గంట. నా ఛాతీ దానంతట అదే లేచి పడుతుంటే పసిబిడ్డను చూసుకున్నట్టు చూసుకున్నాను. తర్వాత ముఖం, మెడ, మోచేయి, వేళ్ళు. గొంతు రంధ్రానికి మూత పెట్టిన రోజు డాక్టరమ్మ, "ఏదైనా మాట్లాడండి" అంది. నేను ఒకటి, రెండు అని లెక్కపెట్టాను. పదకొండు దాకా వచ్చాను. సరోజమ్మ గోడ వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది.

కాలి బొటనవేలు ఏడో వారంలో కదిలింది. ఫిజియోథెరపీ చేసే అతను నా కాలు పట్టుకుని, "పంపించండన్నా, మాట పంపించండి. దారి పడుతోంది" అనేవాడు. నేను కళ్ళు మూసుకుని తలలోంచి కాలి దాకా ఒక మాట పంపేవాణ్ణి. ట్యాంకులోంచి చివరింటికి నీళ్ళు పోయినట్టు అది ఎన్ని మలుపులు తిరిగి పోవాలో! వేలు కదిలినప్పుడు, అది చేరిందని తెలిసింది.

మూడు నెలలకు చక్రాల కుర్చీలో ఇంటికి వచ్చాను. వచ్చిన మర్నాడు గంగులమ్మ వచ్చింది. మదనపల్లె ఆసుపత్రిలో వారం ఉండి బాగుపడిందని అప్పటికే తెలుసు. ఆమె ముఖం చూడడానికి భయపడ్డాను. ఆమె ఇడ్లీల పొట్లం నా ఒళ్ళో పెట్టి, నేల మీద కూర్చుని ఏడ్చింది.

"ఆ పొద్దు నా సేత్తోనే గదప్పా సెంబు ఇస్తి. వాసన వస్తాందని తెలిసి కూడా లాక్కోకపోతి. నేనే నిన్ను పడగొట్టినానని నిద్దర లేదప్పా నాకు."

ఇన్నాళ్ళూ ఆమె నన్ను తిట్టుకుంటోందనుకున్నాను. ఆమె తనను తాను తిట్టుకుంటోంది. ఇక దాచలేక చెప్పాను.

"అమ్మా, ఆ ట్యూబు సుట్టింది నేను. మార్సకుండా మర్సిపోయింది నేను. నిన్ను ఆసుపత్రిలో ఏసింది కూడా నేనే."

ఆమె ఏడుపు ఆపింది. "ఈ మాట వీధిలో సెప్పినావా?"

"ఇంకా లేదమ్మా."

"సెప్పు. మల్ల నీకు ఊపిరి ఇంకా బాగొస్తుంది" అంది. తర్వాత పొట్లం విప్పింది. "తిను. సల్లారిపోతాండాయి."

ఆ ఆదివారం పాల బూతు ముందు కుర్చీలో కూర్చుని చెప్పాను. ఒకాయన గట్టిగా తిట్టాడు. ఆయన కూతురికి సెలైన్లు ఎక్కించారు, తిట్టే హక్కు ఆయనకుంది. ఆఫీసులో మా ఇంజనీరుగారికి రాసి ఇచ్చాను. సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. ఊళ్ళో తాత్కాలికంగా కట్టిన జాయింట్లు నాకు గుర్తున్నవన్నీ చెప్పమన్నారు. ఈశ్వరప్ప నన్ను బండి మీద కూర్చోబెట్టుకుని వీధి వీధీ తిప్పాడు. నేను కర్రతో చూపించిన చోటల్లా తవ్వి మార్చారు.

ఇది జరిగి ఏడాదిన్నర దాటింది. ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తాను. ఎడమ పాదం కిందికి వాలకుండా ప్లాస్టిక్ పట్టీ ఉంది. సాయంత్రమయ్యేసరికి అలసట కమ్ముకుంటుంది, అరికాళ్ళు మండుతాయి. అది ఇంకా కొన్నాళ్ళు ఉండొచ్చని డాక్టరమ్మ చెప్పింది. వంగి వాల్వు తిప్పలేను కాబట్టి నాకు వేరే పని ఇచ్చారు. నీళ్ళు వదిలిన ప్రతి పేటకూ పోయి క్లోరిన్ పరీక్ష చేయడం. చిన్న గొట్టంలో నీళ్ళు పట్టి, మందు రెండు మూడు చుక్కలు వేస్తాను. క్లోరిన్ మిగిలి ఉంటే నీళ్ళు లేత పసుపుకు తిరుగుతాయి. దారిలో మురుగు కలిసి ఉంటే క్లోరిన్ దానితోనే అయిపోయి రంగు రాదు. రోజూ చూసేదే అయినా ఆ రంగు వచ్చే క్షణంలో నా ఊపిరి ఆగుతుంది. భూమి అడుగు నుంచి వచ్చిన నీళ్ళు ఇన్ని వీధులు దాటి, ఇన్ని జాయింట్లు దాటి, ఒక మనిషి నోటి దాకా శుభ్రంగా చేరడం ఎంత పెద్ద సంగతో నాకు ఇప్పుడు తెలుసు.

చదివేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. మీ ఊరి నీళ్ళు ట్యాంకు దగ్గర బాగున్నాయంటే సంతోషించి ఊరుకోకండి. మీ వీధిలో చిట్టచివరి కుళాయి దగ్గర, నీళ్ళు వదిలిన పూటే, నాలాంటి ఉద్యోగిని పిలిచి మీ కళ్ళముందు పరీక్ష చేయించండి. పసుపు రంగు రాలేదంటే, ఎవరు ఎంత ధీమాగా చెప్పినా సరే, ఆ నీళ్ళు మరిగేదాకా కాచకుండా మీ ఇంట్లో ఎవరి గొంతులోనూ పోయకండి.